పసుపుపచ్చ నీడ

స్కూలు యూనిఫాంలు కుట్టే ఆ టైలరమ్మకి పొద్దున లేస్తే పని ఒకటే. షట్టరెత్తడం, మిషనుకి నూనె వేయడం, బల్ల మీద గుడ్డ పరిచి సుద్దముక్కతో గీతలు గీయడం. మనిషి భారీ. నోరు అంతకంటే భారీ. కొలతలివ్వడానికొచ్చిన ఒకావిడ, "మీ నడుం చుట్టాలంటే రెండు టేపులు కావాలేమో" అంటే, "మూడు. ఒకటి మీ నోటికి" అనేసింది.

అనేసిందే గానీ, ఆవిడన్న మాట ముల్లులా దిగింది. ఆ వారమే తమ్ముడి భార్య, తను అమ్మే ఒళ్లు తగ్గించే గుళికల సీసా ఒకటి తెచ్చిపెట్టింది.

"అంతా ఆకులే వదినా. ఆకులు ఎవరికైనా చెడు చేస్తాయా?"

రోజుకి నాలుగు గుళికలు. మూడో వారానికి బట్టలు వదులయ్యాయి, తిండి సయించడం మానేసింది. నాలుగో వారం కత్తెర పట్టుకుని వంగితే, తెల్లగుడ్డ మీద తన నీడ పసుపుపచ్చగా పడింది. పక్కన బొత్తాలు కుట్టే ముసలాయన కళ్లజోడు సర్దుకుని, "నీడ పచ్చబడిందేమ్మా! కాస్త అటు జరుగు, దారం రంగు తెలియట్లేదు" అన్నాడు.

నాలుగు రోజులకి కళ్లూ పచ్చబడ్డాయి. ఒళ్లంతా దురద. ఆస్పత్రిలో డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితాన్నీ సీసానీ మార్చిమార్చి చూసింది.

"కాలేయం దెబ్బతింది. ఇవిక ముట్టుకోవద్దు."

"ఆకులేగా డాక్టరమ్మా?"

"గన్నేరూ ఆకులే."

పద్దెనిమిది రోజులు మంచాన ఉంది. కళ్లు తెల్లబడ్డాయి, ఆకలి తిరిగొచ్చింది, ఒళ్లూ కొంత తిరిగొచ్చింది. నీడ మాత్రం పచ్చగానే ఉండిపోయింది.

మరదలొచ్చి గొంతు తగ్గించింది. "వదినా, నలుగురిలో అనకు. ఆదివారం మా సీసాల కంపెనీ పెద్ద మీటింగుంది. నా పరువు పోతుంది."

"నా ప్రాణమే పోబోయింది, దాని సంగతేంటి?"

ఆదివారం పిలవకుండానే వెళ్లింది. వేదిక మీద కోటు తొడుక్కున్న కంపెనీ ఆయన ప్రకృతి, ప్రకృతి అని ఊదరగొడుతున్నాడు. ఆమె తిన్నగా వెళ్లి దీపాల ముందు నిలబడింది. వెనక తెర నిండా పచ్చటి నీడ పరుచుకుంది.

"ఇది మీ సీసా చేసిన పని" అంది.

"ఈమెకి ముందే ఏదో జబ్బుంది!"

"ఉంది. మీ మాట నమ్మే జబ్బు. నయమైంది. ఇదిగో డాక్టరు కాగితం, పైకి చదవండి."

ఆయన చదవలేదు, మైకు ఆపమని సైగ చేశాడు. ఆమెకి మైకెందుకు? ఎన్ని మింగిందో, ఏమైందో ఆఖరి వరసదాకా వినబడేలా చెప్పింది.

అప్పుడు నీడ తెర మీంచి జారి, మెట్లు దిగి, కుర్చీల మధ్యగా పాకి, మూడో వరసలో కూర్చున్న మరదలి పాదాల మీద ఆగింది. పక్కవాళ్లు కాళ్లు ముడుచుకుని దారిచ్చారు.

టైలరమ్మ దిగొచ్చింది. "నువ్వూ మింగుతున్నావా?"

"రెండు నెలలుగా. నేనే సన్నబడకపోతే ఎవరు కొంటారొదినా?" మరదలు మోచేయి గోక్కుంది. "దురదగా ఉంటోంది. ఎవరికీ చెప్పలేదు."

"లే, పద."

"అమ్మా, కార్యక్రమం ఇంకా అవలేదు!" కోటు ఆయన అరిచాడు.

"మాకైపోయింది."

మరదలి చెయ్యి పట్టుకుని నడిచింది. వెనక ఒక కుర్చీ కిర్రుమంది, తర్వాత ఇంకో నాలుగు.

డాక్టరమ్మ మరదలి రక్తపరీక్ష కాగితం చూసి ఊపిరి పీల్చుకుంది. "ఇంకో వారమాగుంటే చెయ్యి దాటిపోయేది. సమయానికొచ్చావు. ఎవరు పంపారమ్మా?"

"మా వదిన నీడ."

డాక్టరమ్మ తలూపి, చీటీలో 'పంపినవారు' అన్నచోట అలాగే రాసుకుంది.