అరిగిన తాళం

"ఇక ఈ ఇంటికి రాను!" అని అరిచి పాత పికప్ స్టార్ట్ చేశాను. నన్ను ఆపాలని మా ఆవిడ కిటికీలోంచి చేయి పెట్టి తాళంచెవి లాగేసింది. చెవి పెట్టి తిప్పే తాళం ఎంతగా అరిగిపోయిందంటే, చెవి ఊడివచ్చినా ఇంజన్ ఆగలేదు. పంతం కొద్దీ పోనిచ్చాను.

నాలుగు వీధులు దాటేసరికి కోపం చల్లారింది, అహం చల్లారలేదు. వెనక్కి తిరగడానికి అది ఒక సాకు అడిగింది. చెవి ఆమె దగ్గరే ఉండిపోయిందన్న సంగతి దానికి సరిపోయింది.

ఆమె ఇంకా గేటు దగ్గరే నిలబడి ఉంది.

"రానన్న పెద్దమనిషి వచ్చాడే!"

"చెవి నీ దగ్గరుందిగా. బండి ఆపితే మళ్లీ ఎలా తీసేది?"

"సీటు కింద స్క్రూడ్రైవర్ లేదూ? చెవి మొరాయించినప్పుడల్లా దాంతోనేగా తిప్పేది?"

"గుర్తురాలేదు."

నమ్మలేదు. అయినా నవ్వి, గేటు తెరిచింది.