తోక పెట్టేవాడు

పొద్దున్నే అత్తగారు లాండ్రీ షట్టరు ఎత్తేది. అల్లుడు పెద్ద మిషన్లో దుప్పట్లు కుక్కి, సబ్బుపొడి పోసి, స్విచ్చి నొక్కి, నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడేవాడు. డ్రమ్ము గిర్రున తిరిగి, నిరుడు చనిపోయిన ర్యాపర్ ఉరుము గొంతుతో పాట ఎత్తుకునేది.

"ఎండ పడితే నేను, వాన పడితే నేను, వీధి చివర దీపం వెలిగితే..."

అక్కడ టక్కున ఆగేది.

"నేను!" అని అల్లుడు అరిచేవాడు. డ్రమ్ము మళ్లీ తిరిగేది.

ఉరుము బతికున్నప్పుడూ ఇదే పద్ధతి. భూగోళంలో సగం మంది అతని ర్యాప్‌కి ఊగినవాళ్లే, మిగతా సగం చెవులు సరిగ్గా వినపడనివాళ్లు. ప్రతి పంక్తిలో ఆఖరి మాట మింగేసి మైకు పక్కకి తిప్పేవాడు. ఆ మాట అందించడం అల్లుడి పని. అందుకే లోకానికి అతను తోక. సొంత పేరు అత్తగారికి కూడా గుర్తులేదు.

ఉరుముకి పేరు రాకముందు ఇద్దరూ ఈ మిషను మీదే కూర్చుని, దాని దడదడకి పాటలు కట్టేవాళ్లు. ఉరుము పోయిన వారానికి అది పాడటం మొదలెట్టింది. మెకానిక్‌ని పిలిపిస్తే మూడు పాటలు కళ్లు మూసుకుని విని, గొంతు దివ్యంగా ఉంది, బెల్టు మాత్రం మార్చాలన్నాడు. జనం ఉతికిన బట్టలే మళ్లీ పట్టుకొచ్చేవారు. ఒకాయన తన సూటుని, అది దారాలై కాలువలో కలిసిపోయేదాకా ఉతికించుకున్నాడు.

చావంతా తోకది. మాట అందించకపోతే డ్రమ్ము కదలదు, దుప్పట్లు నీళ్లలో నానుతూ ఉంటాయి. ఒంటినిండా నురగతో స్నానాల గదిలోంచి పరుగెత్తుకొచ్చి అరిచేవాడు. పళ్ల డాక్టరు దగ్గర నోరు తెరిచి ఉండగానే ఫోన్లో అరిచాడు, డాక్టరుకి వారం దాకా చెవి పలకలేదు.

అసలు సంగతేమిటంటే, తోక దగ్గర ఓ సొంత పాట ఉంది. ఇస్త్రీ చేస్తూ నోట్లోనే కట్టుకున్నది. ఉరుము సంవత్సరీకానికి పెద్ద మైదానంలో సభ పెడుతున్నామని నిర్వాహకుడు వస్తే, అది పాడతానని నసుగుతూ అడిగాడు. నిర్వాహకుడు అతని భుజం తట్టి, జనం వచ్చేది ఉరుము కోసం, మిషన్ని లారీలో తీసుకెళ్తాం, నువ్వు పక్కన నిలబడి తోకలు పెట్టు చాలన్నాడు.

ఆ సాయంత్రం తోక ఒకే చొక్కాని నాలుగుసార్లు ఇస్త్రీ చేశాడు. అత్తగారు చూసి చూసి చొక్కా లాక్కుంది.

"మైకు ఎవరి చేతిలో ఉంటుంది నాయనా?"

"నా చేతిలోనే అత్తయ్యా."

"మరి ఆయన్నడగడం దేనికి?"

సభనాడు మధ్యాహ్నం మైదానంలో చీమ దూరే సందు లేదు. దూరాలోచన లేని చీమలు వచ్చి ఇరుక్కుపోయాయి కూడా. వేదిక మధ్య మిషను, దాని పక్కన చెమటతో తడిసి, పిండితే బకెట్టు నిండేలా తోక. అత్తగారు దుప్పట్లు వేసి స్విచ్చి నొక్కింది. "ఎండ పడితే నేను..." అని ఉరుము గొంతు లేవగానే జనం కేకలకి పైనున్న మబ్బు కాస్తా చిరిగింది. "వీధి చివర దీపం వెలిగితే..."

డ్రమ్ము ఆగింది. తోక నోరు విప్పలేదు.

మైదానం అంతా బిగుసుకుపోయింది. నిర్వాహకుడు పక్కనుంచి చేతులు ఊపుతున్నాడు. తోక మైకు నోటికి దగ్గరగా తెచ్చుకున్నాడు.

"ఊరి మురికి ఉతికి ఉతికి అరిగిపోయె గోరు,
ఊరుకుని ఊరుకుని మరిగిపోయె నా..."

అంతే. ఇన్నేళ్లూ కోట్ల తోకలు పెట్టిన మనిషికి సొంత తోక గొంతులో అడ్డంపడింది. పెదాలు కదులుతున్నాయి, మాట రావడం లేదు. ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

"నోరు!" అంది మిషను.

ఉరుము గొంతే. డ్రమ్ము గిర్రున తిరిగింది. తోక ఒక్కసారి మిషను వైపు చూసి, మూడో పంక్తి అందుకున్నాడు, నాలుగోది, ముప్ఫయ్యోది. ప్రతి పంక్తి చివరా మైకు మిషను వైపు తిప్పాడు, ప్రతిసారీ మాట ఠంచనుగా వచ్చి పడింది. జనం గెంతిన గెంతుకి పక్క ఊరి గడియారాలు పది నిమిషాలు ముందుకి జరిగాయి. నిర్వాహకుడు అందరికంటే ఎత్తు గెంతాడు.

మర్నాడు పొద్దున్నే అత్తగారు షట్టరు ఎత్తింది. అల్లుడు దుప్పట్లు కుక్కి స్విచ్చి నొక్కాడు. మిషను కిక్కురుమనలేదు. ఎదురుచూస్తోంది. అతను చేతులు తుడుచుకుని, కొత్త పాట ఎత్తుకుని, ఆఖరి మాట దగ్గర ఆగాడు. మిషను అరిచింది, డ్రమ్ము తిరిగింది.

అత్తగారు మిషను మీద చెయ్యి వేసి చూసింది.

"కాస్త నెమ్మదిగా పాడు నాయనా. పాపం, పిల్లాడికి ఈ పని కొత్త."