కొట్టేసిన పేరు

వేదిక మీద పూలగుత్తి వెనక కూర్చుని, వచ్చిన వాళ్ళందరికీ తల వంచి నమస్కారం పెడుతున్న దైవాశీర్వాదం గారి చేతులు ఉన్నట్టుండి ఆగిపోయాయి. గుమ్మంలో ఖాంగ్ నిలబడి ఉన్నాడు.

"ఏమండీ, ఏమైంది?" పక్కనున్న భార్య లూసీ అడిగింది.

"ఏం లేదు. కొంచెం వాటర్ ఇవ్వు."

అది 1986 అక్టోబరు, ఆదివారం మధ్యాహ్నం. వాళ్ళుండే ఊరు హెర్న్‌డన్‌కి అరగంట దూరంలో ఒక రెస్టారెంటు పైఅంతస్తులో ఆయనకు సన్మానం. చేస్తున్నది ఆయన దగ్గర చదువుకుని అమెరికాలో మళ్ళీ ఫార్మసిస్టులైన ముప్ఫై ఒక్కమంది వియత్నామీలు. వాళ్ళ పేర్లన్నీ చెక్కిన ఇత్తడి ఫలకం బల్ల మీద ఉంది. అందులో ఖాంగ్ పేరు లేదు.

దైవాశీర్వాదానిది నరసాపురం. వాల్తేరులో ఫార్మసీ చదివి 1969లో ఈ దేశం వచ్చారు. ఇక్కడి లైసెన్సు చేతికొచ్చేదాకా నాలుగేళ్ళు ఒక మందుల గోదాములో సీసాలకు లేబుళ్ళు అంటించారు. ఆ నాలుగేళ్ళూ గుర్తున్నాయి కాబట్టే, 1977లో తను పనిచేసే ఆసుపత్రి వంటింట్లో గిన్నెలు కడిగే తుయెట్ అనే వియత్నామీ ఆవిడ, సైగాన్‌లో పదకొండేళ్ళు మందుల షాపు నడిపానని చెప్పినప్పుడు ఆయన విని ఊరుకోలేకపోయారు. తెలుగు ప్రార్థన జరిగే చర్చి బేస్‌మెంట్‌లో శనివారాలు క్లాసు మొదలుపెట్టారు. తుయెట్ మరో ముగ్గురిని తీసుకొచ్చింది. ఆ ముగ్గురూ పదిమందిని తెచ్చారు.

వాళ్ళకు మందుల సంగతి ఎవరూ నేర్పనక్కర్లేదు. ఇక్కడి చట్టం, ఇక్కడి పేర్లు, డాక్టర్ల గీతల్లాంటి రాతలు, ఇవే కష్టం. అంతకంటే పెద్ద కష్టం సర్టిఫికెట్లు. దేశం విడిచి పారిపోయి వచ్చినవాళ్ళ దగ్గర కాగితాలేం ఉంటాయి? ఒకే కాలేజీలో చదివిన ఇద్దరు సాక్ష్యం చెప్పి, కింద లైసెన్సున్న ఫార్మసిస్టు సంతకం పెడితే పరీక్షకు రానిస్తామని రాష్ట్ర బోర్డు ఒప్పుకుంది. ఆ సంతకం ఎప్పుడూ దైవాశీర్వాదానిదే.

1980లో ఖాంగ్ సర్టిఫికెట్ తెచ్చాడు. కాగితం పాతదే. తడి వేలు ఆనిస్తే ముద్ర రంగు వేలికి అంటింది. ఖాంగ్ దాచలేదు. "అసలుది సముద్రంలో పోయింది. మలేషియాలో శరణార్థుల క్యాంపులో ఒకతను ఇది రాసిచ్చాడు. కానీ నేను చదివింది నిజం," అన్నాడు. అతనికి సాక్ష్యం చెప్పగలవాళ్ళు ఇక్కడ ఎవరూ లేరు. అదే కవర్లో ఇంకో పదకొండు అప్లికేషన్లు వెళ్ళాలి. ఒక్కటి దొంగదని తేలితే పదకొండూ పోతాయి. దైవాశీర్వాదం పెన్ను తీసి జాబితాలో ఖాంగ్ పేరు కొట్టేశారు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు, ఒక్క లూసీకి తప్ప. తరవాత ఖాంగ్‌కి రెండుసార్లు ఫోన్ చేశారు. ఎవరూ ఎత్తలేదు. మూడోసారి చెయ్యలేదు.

ఇప్పుడు తుయెట్ మైకు దగ్గర, మాట్లాడదలచినవాళ్ళు రావచ్చంది. ఖాంగ్ వెనక వరసలోంచి లేచాడు. కుడిచెయ్యి కోటు జేబులో ఉంది. బల్లల మధ్యనుంచి ఎటూ చూడకుండా నడిచి వస్తున్నాడు.

దైవాశీర్వాదం లేవబోయారు. లూసీ ఆయన మోచెయ్యి పట్టుకుంది. "కూర్చోండి. అతన్ని మాట్లాడనివ్వండి."

"లేదు లూసీ. అతను చెప్పాక నేను చెప్తే సంజాయిషీలా ఉంటుంది."

మైకు దగ్గరికి వెళ్ళి ఇంగ్లీషులో మొదలుపెట్టారు. "ఈ ఫలకం మీద ముప్ఫై ఒక్క పేర్లున్నాయి. ఇంకొకటి ఉండాల్సింది. దాన్ని నేనే కొట్టేశాను. ఎందుకో చెప్పను. ఆ సంతకం ఈరోజు అడిగినా పెట్టను. కానీ ఆ మనిషి అబద్ధం కాదని నాకు తెలుసు. అతని కాలేజీ వాళ్ళెవరైనా ఎక్కడున్నారో కనుక్కోవడానికి నాలుగు ఉత్తరాలు రాసి ఉండొచ్చు. ఒక్కటీ రాయలేదు."

ఖాంగ్ వేదిక మెట్టు దగ్గర ఆగాడు. పైకొచ్చి మైకు తన వైపు తిప్పుకున్నాడు.

"ఎందుకో నేను చెప్తాను. నేను తెచ్చింది దొంగ కాగితం."

వెనక బల్లల దగ్గర గుసగుసలు లేచాయి. అవి తగ్గేదాకా ఆగి, జేబులోంచి ఒక కవరు తీశాడు. "ఇది దొంగది కాదు. మా ప్రొఫెసర్ ఫ్రాన్స్‌లో ఉన్నారని తెలిసి రాస్తే, నేను చదివానని సాక్ష్యం రాసి పంపించారు. మూడేళ్ళయింది. ఈ మనిషి గడప తొక్కనని సొరుగులో పడేశాను." దైవాశీర్వాదం వైపు తిరిగాడు. "నా కోపం ఇప్పటికీ తగ్గలేదు. కానీ నాకు నలభై తొమ్మిదేళ్ళు. చట్టం పుస్తకం రెండుసార్లు సొంతంగా చదివాను, తలకెక్కలేదు. మీరు చెప్తే అర్థమవుతుందని అందరూ అంటున్నారు. చెప్తారా?"

దైవాశీర్వాదం నిరుడు గుండె ఆపరేషన్ అయ్యాక క్లాసు ఆపేస్తానని లూసీకి మాటిచ్చారు. ఆవిడ వైపు చూశారు.

లూసీ కాసేపు ఖాంగ్‌నే చూసింది. "ఇంటికే రమ్మనండి," అంది తెలుగులో. "ఆ బేస్‌మెంట్ మెట్లు మీరు ఎక్కలేరు."

ఆ వారమే మొదలైంది. ఏడాదిన్నర పైన, ప్రతి శనివారం తొమ్మిదింటికి ఖాంగ్ వాళ్ళ భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాడు. మిగతా వాళ్ళంతా ఆయన్ని 'థై' అనేవాళ్ళు, వాళ్ళ భాషలో గురువని. ఖాంగ్ ఏనాడూ అనలేదు. మిస్టర్ దైవా అని పిలిచేవాడు, పాఠం అయిపోగానే లేచి వెళ్ళిపోయేవాడు. కాఫీ ఇస్తే తాగేవాడు. మొదటిసారి పరీక్ష పోయింది. ఆ శనివారం కూడా తొమ్మిదింటికే వచ్చి పుస్తకం తెరిచాడు.

1988 జూలైలో ఒక మంగళవారం, చెప్పకుండా వచ్చి బెల్లు కొట్టాడు. చేతిలో బోర్డు ఉత్తరం. దైవాశీర్వాదం కళ్ళజోడు కోసం వెతుక్కుంటుంటే లూసీ తీసుకుని చదివింది. పాసయ్యాడు.

"మీ మిసెస్ ఏమన్నారు?" అడిగింది.

"ఇంకా చెప్పలేదు. పోస్టు డబ్బా దగ్గరనుంచి తిన్నగా ఇటే వచ్చాను." ఖాంగ్ గోడకున్న ఫోన్ వైపు చూశాడు. "ఒక ఫోన్ చేసుకోవచ్చా?"

దైవాశీర్వాదం ఫోన్ ఉన్న చోటికి కుర్చీ జరిపి ఇచ్చారు. ఖాంగ్ నంబరు తిప్పి, తన భాషలో రెండు మాటలన్నాడు. మూడో మాటకి మొహం గోడవైపు తిప్పేసుకున్నాడు. దైవాశీర్వాదం లూసీని వంటింట్లోకి తీసుకెళ్ళి తలుపు దగ్గరగా వేశారు.