మూడడుగుల అవతల క్యారెట్లు

శనివారం సాయంత్రంలోగా గాడిద లేచి నిలబడాలి. లేకపోతే, బాధ తెలియకుండా ప్రాణం తీసే ఇంజెక్షన్ ఇవ్వక తప్పదని పశువుల డాక్టరు గురువారం పొద్దున తేల్చి చెప్పేశాడు. విరిగిన కాలు అతుక్కుంది. కానీ నెల రోజులుగా పడుకునే ఉండడంతో ఒళ్లు పుళ్లు పడుతోంది, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతోంది.

"లేవలేక కాదమ్మా. దానికి లేవాలని లేదు, అంతే," అన్నాడు.

ఆ మాట టైలరమ్మకు గుచ్చుకుంది. నలభై ఏళ్లు మిషను తొక్కి, దుకాణం మూసేశాక, తమ్ముడి పోరు పడలేక ఈ పాత గోదాములో నడిచే మూగజీవాల ఆశ్రమంలో సేవకు చేరిన మనిషి ఆమె. ఇక్కడ మూడు కాళ్ల పిల్లి ఉంది, గుడ్డి కుందేళ్లున్నాయి, ఇల్లు మారుతూ ఎవరో వదిలేసిపోయిన తాబేలుంది, కనబడ్డవాళ్లనల్లా తరిమి పొడిచే బాతు కూడా ఉంది. అలాంటివాటిని వ్యానులో తెచ్చేది తమ్ముడే. వాణ్ని చిన్నప్పటి నుంచీ "గాడిదా" అని పిలిచిన నోరు ఆమెది. ఇప్పుడలా పిలిస్తే ఇద్దరూ తలెత్తుతున్నారు.

ఆ పూటే ఆమె లారీ టార్పాలిన్ కత్తిరించి, గాడిద పొట్ట కింద వేయడానికి వెడల్పాటి పట్టీ కుట్టింది. అక్కడ వంతులవారీగా సేవ చేసే నలుగురూ కలిసి గిలక మీద తాడేసి లేపారు. గాడిద ఆరేసిన దుప్పటిలా వేలాడింది తప్ప ఒక్క కాలూ నేల మీద ఆనించలేదు.

ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు. బాధ ఒకటైతే, కొలత తేడా మరొకటి. మూడు వారాల కిందట ఒంటి మీద కప్పే బట్ట కుట్టడానికి కొలిచినప్పటి కంటే గాడిద పొట్ట నాలుగు వేళ్లు పెరిగింది. గోడ మీది పలకలో మాత్రం రోజూ ఒకటే రాత, "గాడిద ఏమీ తినలేదు". మనుషులు అబద్ధమాడతారేమో గానీ టేపు ఆడదు.

శుక్రవారం పొద్దుటి వంతు తనది కాకపోయినా తెల్లారగానే వచ్చి గడ్డిమోపుల వెనక నక్కి కూర్చుంది. మొదట తమ్ముడు పిల్లిలా వచ్చాడు. పడుకున్న గాడిద నోట్లో క్యారెట్ పెట్టి, "అక్కకు చెప్పకు," అన్నాడు. కాసేపటికి రిటైరైన పోస్ట్‌మాన్ ఆపిల్ ముక్కలతో వచ్చాడు. ఆ తర్వాత నర్సమ్మ అరటిపండు ఒలిచి మరీ తినిపించింది. ఎవరికి వారు అటూ ఇటూ చూసుకుని జారుకున్నారు. కాలు కదపకుండా ఇన్ని భోగాలు నడుస్తుంటే ఎవరు లేస్తారు?

ముగ్గురినీ పిలిచి నిలబెట్టింది. ఆమె తన సంచిలోంచి రెండు క్యారెట్లు తీసి బల్ల మీద పెట్టింది.

"నేనూ రోజూ సాయంత్రం పెడుతున్నాను. నేనొక్కదాన్నే అనుకున్నాను. జాలి పడీ పడీ దాన్ని చంపబోయాం."

ఇష్టమైనవి దూరంగా పెడితే లేస్తుందేమోనని డాక్టరుకు ఫోన్ చేసి అడిగింది. ఎండుగడ్డి, నీళ్లు మూతి దగ్గరే ఉంచమన్నాడు. ఇష్టమైనవన్నీ మూడడుగుల అవతల తొట్టిలో పడ్డాయి. పక్కన కుర్చీ వేసుకుని ఆమె కాపలా కూర్చుంది.

గాడిద రోజంతా ఓండ్రపెట్టింది. "నీకు గుండె లేదక్కా," అన్నాడు తమ్ముడు, కళ్లు తుడుచుకుంటూ.

"ఉండబట్టేరా కూర్చున్నాను. నువ్వు పో."

శనివారం సాయంత్రం డాక్టరు వచ్చేసరికి గాడిద పడుకునే ఉంది. ఆయన సూది తీశాడు.

"పావుగంట ఆగండి బాబూ," అంది ఆమె. ఏం చేయాలో ఆమెకూ తెలియదు. గాడిదకు ఎదురుగా నేల మీద చతికిలబడి, తొట్టి ఒళ్లోకి లాక్కుని, ఒక క్యారెట్ తీసి కరకరా నమిలింది. "నీకక్కర్లేదుగా! నేనే తింటాను," అంటూ రెండోది తీసింది.

గాడిద చెవులు నిక్కాయి. ఇన్నాళ్లూ మనుషులు పెట్టడమే చూసింది గానీ, లాక్కుని తినడం ఎరగదు. ముందుకాళ్లు చాపింది. వెనక భాగం ఎత్తబోయి కూలబడింది. తమ్ముడు పరుగెత్తబోతే పోస్ట్‌మాన్ చొక్కా పట్టి ఆపాడు. మూడో క్యారెట్ కరకరలాడింది. గాడిద వణుకుతూ, మూలుగుతూ లేచింది. ఒకటి, రెండు, మూడు. మూడో అడుగులో మూతితో ఆమెను ఒక్క తోపు తోసి, తొట్టిలో తల పెట్టేసింది.

డాక్టరు సూదికి మూత పెట్టాడు. నర్సమ్మ వలవలా ఏడ్చేసింది. టైలరమ్మ గడ్డిలో వెల్లకిలా పడి, నోట్లో క్యారెట్‌తోనే నవ్వుతోంది, ఏడుస్తోంది. తమ్ముడు చేతులు చాచి లేపబోయాడు.

"ముట్టుకున్నావంటే ఊరుకోను," అని నేలకు చేతులానించి ఆమె తనంతట తానే లేవసాగింది.