మోగించకుండా కొన్న గిటారు

శనివారం నేను చేయవలసిన పనులు ఇవి. గేదెకు కుడితి పెట్టాలి. అక్కకు మిరియాల కషాయం కాచాలి. మందిరం తాళంచెవి పాస్టరుగారికి అప్పజెప్పాలి. అక్క గొంతు రాత్రి పేటలో ఎవరింటి తలుపైనా తట్టిందేమో అడిగి రావాలి. ఏలూరు వెళ్ళి గిటారు కొనాలి.

గిటారు తప్ప అన్నీ అయ్యాయి. గొంతు ఎవరింటికీ రాలేదట.

అది ఊడ్పులకు ముందు వెళ్ళిపోయింది. అక్క పళ్ళు తోముకుంటుంటే నోట్లోంచి దిగి, అక్క చెప్పులే తొడుక్కుని, కాలవగట్టు మీదుగా నడుచుకుంటూ పోయింది. చూసినవాళ్ళున్నారు. నాట్లకు పోతోంది కాబోలనుకుని ఎవరూ ఆపలేదు. డాక్టరు అక్క నోట్లోకి లైటు వేసి చూసి, గది ఖాళీగా ఉందనీ, కిటికీలు మాత్రం శుభ్రంగా ఉన్నాయనీ చెప్పాడు.

మా అక్క పేరు మార్తమ్మ. నాట్లు వేసే ముఠాలో పాట ఎత్తుకునేది ఆమే. ఆమె ఎత్తుకుంటే వరుసంతా అందుకునేది. ఆ పాట నడుస్తున్నంతసేపు వంగిన నడుములకు నొప్పి తెలిసేది కాదు. నేను డిగ్రీ చదివింది ఆ పాట తెచ్చిన కూలి డబ్బుల మీదే. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాణ్ణి నేను.

రేపు ఆదివారం మందిరంలో పాట ఎత్తడానికి అక్క బదులు ఇంకొకరిని పెడతారు. తప్పేమీ లేదు, పాట ఆగకూడదు కదా. కానీ ఆ తర్వాత ఆమె వైపు ఎవరూ చెవి తిప్పరు. అంతకు ముందే ఆమెను ఒక్కసారైనా నలుగురూ వినాలి. నాకు కావలసింది అంతే.

స్పీకరు డబ్బా అక్కర్లేకుండా పొట్టలోనే ఎఫెక్టులున్న గిటారు ఒకటి వచ్చిందని కాలేజీ స్నేహితుడు చెప్పాడు. చిన్న శబ్దాన్ని పెద్ద హాలంత చేస్తుందట. అక్క దగ్గర చిన్న శబ్దం కూడా లేదు. అయినా అక్కా, నేనూ బస్సెక్కాం.

గుర్నాథంగారి కొట్టులో గిటార్లు గోడకు వేలాడుతూ నిద్రపోతున్నాయి. అవి లేస్తాయేమోనని ఆయన గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు. లేత గోధుమరంగు గిటారు ఒకటి మెల్లగా దించి బల్ల మీద పడుకోబెట్టారు. దాని పక్కటెముకల దగ్గర మూడు నాబ్‌లు ఉన్నాయి.

తీగ మీటి చూసుకోమన్నారు. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. మా మందిరంలో ఒక పద్ధతి ఉంది. డప్పైనా, కంజీరైనా, కొత్త వాయిద్యం మొదటి శబ్దం దేవుడిది. ప్రార్థన కాకుండా దాన్ని మోగించం. ఆ మాటే ఆయనకు చెప్పాను.

“పుచ్చకాయైనా తట్టి చూసి కొంటారు కదండీ,” అన్నారాయన. “శబ్దం లేకుండా ఎఫెక్టు దేనికి వెయ్యమంటారు?”

“మా అక్క ఊరుకుని ఉంది కదండీ. దానికి వెయ్యండి.”

ఆయన ఆలోచించి, అది న్యాయంగానే ఉందన్నారు. గిటారును అక్క వైపు తిప్పి, చోటును పెంచే రివర్బ్ అనే మొదటి నాబ్ తిప్పారు.

కొట్టు పొడుగవుతోంది. వెనక గోడ మర్యాదగా వెనక్కి నడుస్తోంది. గోడ మీది గిటార్లు కరెంటు స్తంభాలంత ఎడంగా జరుగుతున్నాయి. ట్యూబులైటు సాగి సాగి, తెల్లవారుజామున కనిపించే వెలుగుగీత అయింది. మా కాళ్ళ కింద గచ్చు మెత్తబడి దమ్ము చేసిన మడి అయింది. అక్క చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుంది. ఎవరూ చెప్పకుండానే ఆమె చేతిలోకి నారుకట్ట వచ్చింది.

“రెండోది కోరస్సండి,” అన్నారు గుర్నాథంగారు. “ఒకళ్ళని పదిమందిని చేసుద్ది. ఆయ్.”

అక్క మౌనం రెండయింది. తర్వాత వరుసయింది. చేను ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఆడవాళ్ళు వంగి ఉన్నారు. నేను పుట్టినప్పుడే పోయిన మా అమ్మ కూడా వాళ్ళలో ఉంది. నన్ను గుర్తుపట్టింది గానీ, పని మధ్యలో పలకరింపులేమిటన్నట్టు నారు గుచ్చుతూనే ఉంది.

అక్క నోరు తెరిచి మౌనం ఎత్తుకుంటోంది. వరుస అందుకుంటోంది.

దానికి రాగం ఉంది. అది పైకి వెళ్తే బజార్లో బస్సుల హారన్లు ముడుచుకుపోతున్నాయి. కిందికి దిగితే నా గుండె తన దరువు మానుకుని దాని దరువు పట్టుకుంటోంది. మళ్ళీ మళ్ళీ వచ్చే పల్లవి కూడా ఉంది. ఇంత పెద్ద నిశ్శబ్దాన్ని నేనెన్నడూ వినలేదు. గుర్నాథంగారు చెప్పులు విడిచి బల్ల కింద పెట్టారు. గోడ మీది గిటార్లు లేచి, శబ్దం చేయకుండా వింటున్నాయి.

నాట్లు వేసేవాళ్ళు వెనక్కి నడుస్తారు. అక్క కూడా నా వైపే చూస్తూ, నాకు దూరమవుతోంది.

“నాబ్ వెనక్కి తిప్పితే కొట్టు మామూలైపోద్దండి,” అన్నారాయన. “ఆవిడ మీ పక్కకొచ్చేస్తారు. ఇందాకట్లాగే, మాట లేకుండా. తిప్పెయ్యమంటారా?”

“తిప్పకపోతే?”

“చేను ఎంతవరకుంటే అంతవరకు వెళ్తారు.”

నేనే ముందుకు వంగి రివర్బ్ నాబ్ మీద వేలు పెట్టాను. అక్కను ఇంటికి తీసుకెళ్ళడం నా బాధ్యత. బస్సు టిక్కెట్టు రానూపోనూ ఆలోచించుకునే బయల్దేరాను. అంత దూరం నుంచి అక్క నడుము ఎత్తకుండా తల మాత్రం ఎత్తి, కనుబొమలు ముడిచి చూస్తోంది. పరీక్షల ముందు నేను కునికిపాట్లు పడితే అలాగే చూసేది. ఆ చూపుకు అర్థం ఒక్కటే, ఆపకురా అని.

వేలు తీసేశాను. కళ్ళలోంచి నీళ్ళు కారి మడిలో పడుతున్నాయి. మడికి నీళ్ళు కావాలి కాబట్టి తుడుచుకోలేదు.

“మూడోది ఏంటండీ?”

“డిలే అండి. ఇక్కడన్నది అవతల ఆలస్యంగా వినపడద్ది.”

“ఎంత ఆలస్యంగా?”

“అవతల వినేవోళ్ళు దొరికేదాకా.”

గిటారు డబ్బు బల్ల మీద పెట్టి, ఆ నాబ్‌ను చివరికంటా నేనే తిప్పాను.

అక్క దూరమవుతున్నకొద్దీ పెద్దదవుతోంది. గట్టు దాటేసరికి తాటిచెట్టంత ఉంది. కొల్లేరు దాటేసరికి ఆమె కొప్పు మబ్బుల్లోకి వెళ్ళింది. వంగినప్పుడల్లా ఒక ఊరు నీడలో పడి చల్లబడుతోంది. ఆమె వేళ్ళు నేలలో దించుతున్నవి ఇప్పుడు నారుమొక్కలు కావు, సన్నని పచ్చని వానధారలు. ఒక్కో ధారా మొదలు నేలలో పెట్టుకుని, తల ఆకాశం వైపు పెట్టి, కదలకుండా నిలబడి ఉంది. కోట్ల చినుకులు గాలిలో ఆగి, ఆమె నోటివైపే చూస్తున్నాయి.

మీ ఊళ్ళో ఏదో ఒకరోజు వాన మధ్యలో ఆగి అలా నిలబడిపోతే కంగారు పడకండి. అది వింటోంది. గొడుగు ముడిచి, మీరు కూడా కాసేపు ఊరుకుని, కలపాల మార్తమ్మ అనే మనిషిని తలుచుకోండి.