సియెర్రా తెర ముందు ఖాళీ ఫొటో

రాత్రి కార్లలో కూర్చుని సినిమా చూసే నేల మీదే తెల్లారితే సంత. సియెర్రా డ్రైవిన్ పద్దెనిమిదో వరుసలో, ఎప్పుడూ అదే స్పీకరు స్తంభం పక్కన, ఎవులాలియా ఇరవై రెండేళ్లుగా పాత వంటసామాను పరిచి అమ్ముతోంది. ఇద్దరు కూతుళ్లను చదివించింది ఆ నేలే. ఇవాళ్టికీ కూడు పెడుతున్నది ఆ నేలే. దాన్ని చదును చేసి గోదాము కట్టుకుంటామని ఏదో కంపెనీ ఊరి సభకు అర్జీ పెట్టింది.

అర్జీ పైనున్న ఖాళీ మైదానం ఫొటో చూడగానే ఎవులాలియాకు ఒళ్లు మండిపోయింది. ఆ ఫొటోకు చోటిచ్చింది తామే, సంతవాళ్లే మరి!

మార్చిలో వచ్చాడు వెండెల్ అనే ఆ పెద్దమనిషి, మూడుకాళ్ల స్టాండు మోసుకుని. డ్రైవిన్‌లన్నీ మాయమైపోతున్నాయని, వాటి మీద పుస్తకం వేస్తానని చెప్పాడు. ఎవులాలియా మొక్కజొన్న పొట్టులో చుట్టి ఉడికించిన వేడివేడి టమాలీ కుడుములు పెడితే రెండు తిన్నాడు. తిని, గొంతు సవరించుకున్నాడు.

"ఒక్క అరగంట మీ బళ్లు గేటు బయట ఆపుకుంటారా అమ్మా? తెర ఒక్కటే ఉంటే ఫొటో అందంగా వస్తుంది."

శనివారం పొద్దున అరగంటంటే సగం బేరం పోయినట్టే. అయినా తమ చోటికొచ్చి తమ చేతి తిండి తిన్నవాడిని కాదనడం ఈ జనానికి చేతకాదు. పక్కన పనిముట్లు అమ్మే కుకో సుత్తులూ పానాలూ మళ్లీ వ్యానులోకెత్తాడు. ఎవులాలియా అంతటితో ఊరుకుందా? ఫొటో తీస్తుంటే చెత్తగా ఉంటే మన పరువేమైపోతుందని చీపురందుకుని వరుసంతా ఊడ్చిపెట్టింది. బుద్ధి గడ్డి తినడమంటే అదే.

సభలో కంపెనీ లాయరు ఆ ఫొటోను గోడంత చేసి చూపించాడు.

"చూడండి, ఏళ్లుగా ఎవరూ వాడని స్థలం. మనిషి జాడే లేదు."

వెనక కుర్చీలో వెండెల్ తన బూట్లు చూసుకుంటున్నాడు. ఫొటో అమ్ముకున్న ఘనుడు!

కుకో మోచేత్తో పొడిచాడు. "పొద్దస్తమానం బేరగాళ్లని కడిగేస్తారు, ఇప్పుడు నోరు పెగలదేం దోన్యా ఎవులాలియా?"

"నోరు తెరిస్తే తిట్లొస్తాయిరా."

అయినా లేచింది. మైకు దగ్గరికెళ్లి ఫొటో వైపు వేలు చూపించింది.

"ఆ దుమ్ములో గీతలు కనబడుతున్నాయా అయ్యా? నా చీపురు గీతలవి. నాది ఎడమచేతి వాటం, అన్నీ ఒక పక్కకే వాలి ఉంటాయి. దిక్కులేని చోటు ఎవరైనా ఊడుస్తారా? మర్యాదకి పక్కకి తప్పుకున్నాం. దానికే మేం లేనివాళ్లమైపోయామా?"

వెంటనే వెండెల్ వైపు తిరిగింది.

"నువ్వు చెప్పు నాయనా. ఆ పూట గేటు బయట ఎన్ని బళ్లున్నాయి?"

వెండెల్ లేచి నిలబడ్డాడు. "రెండొందల పైనే."

"మరి వాటిని తీయలేదేం?"

"అందంగా ఉండదనుకున్నాను."

సభవాళ్లు నిర్ణయం నెల్లాళ్లు వాయిదా వేశారు.

మరుసటి శనివారం వెండెల్ స్టాండు మోసుకుని మళ్లీ వచ్చాడు. ఈసారి జనంతో సహా తీసి సభకిస్తానన్నాడు. ఎవులాలియా టమాలీ పెట్టలేదు. చీపురు కుకో వ్యానులోకి విసిరేసి, గిన్నెల మధ్య, మొక్కజొన్న పొట్టు మధ్య, చెత్త మధ్య కుర్చీ వేసుకుని కూర్చుంది.

"ఇవాళ ఊడవను. తియ్యి."