సంతలో వేసిన కేక

ఓక్‌బున్‌కి పొద్దున లేచిన దగ్గర్నుంచీ కాలు ఒకచోట నిలవలేదు. కిమ్చి జాడీ మూత తీసి, ఎందుకు తీసిందో మరిచిపోయింది. ఆరిన మేజోళ్ళనే మళ్ళీ తీసుకెళ్ళి తడిపింది. సాయంత్రం సినిమాకి వెళ్ళాలి. ఆమె ప్రాణం పెట్టుకున్న గాయకుడు బ్యోన్ దాల్హో జీవితం మీద తీసిన సినిమా అది. ఆయన పోయాక తెరమీదైనా మళ్ళీ కనిపిస్తాడని నెలల తరబడి ఎదురుచూసిన మనిషే, ఇవాళ ఊళ్ళో కరెంటు పోతే బాగుండునని కోరుకుంటోంది.

దానికి కారణం ఆవిడ మొగుడు వీ జోంగ్మాన్.

దాల్హో పాడేది పన్సోరి, పాటగా చెప్పే కథ. అందులో పాడేవాడు ఒక్కడే నిలబడి పాడతాడు, పక్కన ఒకడు కూర్చుని డోలు వాయిస్తాడు. వినేవాళ్ళు సరైన చోట "ఒల్సూ!" అనో "సెబాషు!" అనో కేక వేసి ఊపు ఇవ్వకపోతే ఎంత గొప్ప పాటైనా కుంటుతుంది. మా ఊరు జాంగ్‌హంగ్‌లో ఈ సంగతి పాకే పిల్లలకి కూడా తెలుసు. ఆ సరైన చోటు ఏదో మాత్రం ఏ కొందరికో తెలుసు.

ముప్పై ఏళ్ళ కిందట మా ఊరి సంతలో దాల్హో పాడాడు. ఉప్పమ్ముకునే ఆడమనిషి ముసలి తండ్రిని వీపున కట్టుకుని మంచులో కనుమ దాటే పాట అది, ఆయన సొంతంగా కట్టుకున్నది. కనుమ నెత్తికి చేరేసరికి ఆయన గొంతు పుటుక్కున తెగింది. డోలు ఆగిపోయింది. సంతంతా గప్‌చుప్. అప్పుడు జనంలోంచి "అద్దీ!" అని ఒక కేక లేచింది. ఆ కేక పట్టుకుని ఆయన గొంతు మళ్ళీ పైకి లేచింది, కనుమ దాటింది. తరవాత రేడియోలో ఆయనే చెప్పుకున్నాడు. "ఆ రోజు నా గొంతు చచ్చిపోయిందనే అనుకున్నాను. సంతలో ఎవరో చెయ్యిచ్చి లాగారు. ఎవరో నాకు తెలీదు."

ఆ ఎవరో తనేనని జోంగ్మాన్ చెప్పుకుంటాడు. మొదటి ఏడాది "ఆ రోజు నేనూ అక్కడున్నాను" అన్నాడు. మరుసటేడు "అందరం అరిచాం" అన్నాడు. ఆ పై ఏడు మిగతా అందరూ రాలిపోయి ఆయనొక్కడే మిగిలాడు. ఒకసారి దాల్హో దగ్గరికే వెళ్ళి చెప్పాడు కూడా. పెద్దాయన ఈయన రెండు చేతులూ పట్టుకుని వంగి దణ్ణం పెట్టాడు. ఆ ఫోటో ఇంట్లో గోడమీద ఉంది. తీసింది ఓక్‌బున్నే.

అసలు ఆ కేక వేసింది కూడా ఓక్‌బున్నే. ఆ సమయానికి జోంగ్మాన్ కల్లు ఎక్కువై, మాంసం కొట్ల గుడారాల వెనక గోడకి ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఆమె పక్కన ఉన్నది అత్తగారు. కేక నోరు దాటగానే ఆ మహాతల్లి కోడలి తొడ మెలిపెట్టి, "సంత నడిమధ్యలో పరాయి మగాడికి కేకలేస్తావుటే?" అంది. కమిలిన మచ్చ నెలకల్లా పోయింది. నోరు మాత్రం ఆనాటి నుంచీ మూసుకునే ఉంది. దాల్హో ఎక్కడ పాడినా మొగుడి వెంట వెళ్ళేది, కేక గొంతుదాకా వచ్చేది, గుటక వేసి మింగేసేది. మొగుడికి నిజం చెప్పకపోవడం మొదట్లో అత్తగారి భయంతో, తరవాత ఆయన ముచ్చట చూసి. ఆ తరవాత మరీ ఆలస్యమైపోయింది.

ఇప్పుడు పేపర్లో వేశారు. సినిమా చివర, ఆ సంతలో రేడియోవాళ్ళు పట్టిన అసలు టేపు వినిపిస్తారట. అది చదివిన జోంగ్మాన్ నేలమీద నిలవలేదు. తనతో కలిసి పాటలు వినే బృందాన్నంతా పిలిచాడు. వాళ్ళకి పెద్ద దిక్కు మంగలి షాపు మూసేసిన పేంగ్. ఆటయ్యాక మాంసం కాల్చుకుని తినడానికి సంత దగ్గర బల్లలు కూడా జోంగ్మానే చెప్పి ఉంచాడు.

టేపులో ఆడగొంతు వినబడగానే ఈయన మొహం ఎక్కడ పెట్టుకుంటాడు? పోనీ వెళ్ళకుండా ఉందామా అంటే ఓక్‌బున్ ఉండలేదు. ఆ గొంతు ఒక్కసారి వినాలని ఆమెకీ ఉంది, చచ్చేంత ఉంది. ఆ సంగతి ఎవరికి చెప్పుకోవాలి?

దారిలో నెమ్మదిగా కదిపి చూసింది. "ఏమండీ, మోకాళ్ళు లాగేస్తున్నాయి. ఆట చివర తోసుకుంటూ దిగలేను. కాస్త ముందే లేచి వచ్చేద్దామా?"

"ముందే లేవడమా? ఆ చివరి ముక్క కోసమేగదే ఊరంతా వస్తోంది! నీ మోకాళ్ళకి ఇవాళే ముహూర్తం దొరికిందా, మిసుక్ అమ్మా?" అన్నాడు జోంగ్మాన్, ఎప్పటిలాగే కూతురి పేరుతో పిలుస్తూ.

పేంగ్ పక్కనుంచి అందుకున్నాడు. "వదినా, ఇన్నేళ్ళూ అన్న కేక కథ విని విని మా చెవులు కాయలు కాశాయి. ఇవాళ కేకే వినబోతున్నాం. లేకపోతే మాత్రం మాంసం మొత్తం అన్నే తినాలి, మేం చూస్తూ కూర్చుంటాం."

"లేకపోతే నా మీసం తీసేసుకుంటానురా!" అన్నాడు జోంగ్మాన్.

"నీకు మీసం ఎప్పుడుందన్నా? నేనేగా గీసింది ఇన్నాళ్ళూ."

అందరూ నవ్వారు. ఓక్‌బున్ నవ్వలేదు.

సినిమా మొదలైంది. దాల్హోగా వేసిన కుర్రాడు నదురుగా ఉన్నాడు, అదే ఆమెకి నచ్చలేదు. దాల్హోది ఎద్దు మెడ. ఈ అబ్బాయి మెడ చూస్తే పై స్థాయి అందుకోవడం కాదుగదా, గట్టిగా తుమ్మినా భయమే. చేతిలో విసనకర్ర కొత్తగా తళతళలాడుతోంది. ఆయనది విరిగిన పుల్లకి దారం చుట్టిన పాత విసనకర్ర, అది మారిస్తే పాట మారిపోతుందనేవాడు. డోలు వాయించే అన్నగారితో ఆయనకి మాటల్లేవు, వేదికమీద తప్ప. సినిమాలో ఆ అన్నగారు పూటకో జోకు వేస్తున్నాడు. జలపాతం కింద నిలబడి నెత్తురు కక్కుతూ సాధన చేసే దృశ్యం రానే వచ్చింది. "వచ్చిందమ్మా జలపాతం" అనుకుంది ఓక్‌బున్ ఒళ్ళు మండి. ఆయన సాధన చేసింది మామగారి పందుల దొడ్లో. ఆయనే నవ్వుతూ చెప్పేవాడు.

అయినా, పై స్థాయికి వెళ్ళేముందు ఆ కుర్రాడు ఎడమ చెవి వెనక బొటనవేలితో నొక్కుకున్నప్పుడు ఆమెకి కళ్ళనిండా నీళ్ళు వచ్చాయి. అది దాల్హో అలవాటే. ఎవరు చెప్పారో, ఎక్కడ చూశాడో, దొంగవెధవ బాగా పట్టాడు.

అన్నిటికంటే ఆమెని కుదురుగా ఉండనివ్వనిది హాల్లో మౌనం. తెరమీద అంత పాట జరుగుతుంటే ఒక్కడు నోరు మెదపడు. సినిమా గదా, మెదపకూడదట. పేలాలు నమిలే చప్పుడు తప్ప ఏమీ లేదు. కుర్చీలో అటు కదిలింది, ఇటు కదిలింది. సంచీ జిప్పు తీసింది, వేసింది.

"ఏమిటే ఆ కదలడం, ముళ్ళమీద కూర్చున్నట్టు?" అన్నాడు జోంగ్మాన్.

"ఉక్కగా ఉంది."

"ఊరుకో. వస్తోంది."

తెర నల్లబడింది. తెల్లటి అక్షరాలు పడ్డాయి. కుర్రాడి గొంతు పోయి అసలు గొంతు వచ్చింది. గరగరలాడే, ఉప్పు తిన్న, దాల్హో గొంతు. ఓక్‌బున్ వెన్ను నిటారైంది. ఉప్పమ్మే మనిషి తండ్రిని వీపున కట్టుకుంది. మంచు మొదలైంది. కనుమ ఎక్కుతోంది, ఎక్కుతోంది. ఇక ఆ చోటు రాకుండా ఎవరూ ఆపలేరు. జోంగ్మాన్ ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుని, వెనక వరసకి వినబడేలా, "ఇప్పుడు, ఇప్పుడు వినండి" అన్నాడు.

గొంతు తెగింది. డోలు ఆగింది.

ఏమీ రాలేదు.

సంత గోల లేదు, కోళ్ళ అరుపు లేదు, కేక లేదు. టేపుని శుభ్రం చేశారు. చెత్తంతా ఊడ్చేసి, పెద్దాయన ఒక్కణ్ణీ ఆ ఖాళీలో నిలబెట్టారు. జోంగ్మాన్ నోరు తెరుచుకుని ఉండిపోయాడు. గండం గడిచిందని ఓక్‌బున్ ఊపిరి పీల్చుకోవాలి, అదేగా ఆమె కోరుకున్నది. కానీ ఆమెకి కనబడుతున్నది ఒక్కటే. మంచులో, కనుమ నెత్తిన, ఆయన ఒంటరిగా నిలబడి ఉన్నాడు. ఎవరైనా చెయ్యిస్తారేమోనని చూస్తున్నాడు. చెయ్యిచ్చేవాళ్ళు లేరు. అలా వదిలేస్తారా మనిషిని? దుఃఖం, కోపం కలిసి ఒక్కసారిగా తన్నుకొచ్చాయి. ఈసారి గుటక పడలేదు.

"అద్దీ!"

హాలు దద్దరిల్లింది. ముందువరస వాళ్ళు ఉలిక్కిపడి తిరిగి చూశారు. ఆ కేక కోసమే ఆగినట్టు, తెరవెనక నుంచి దాల్హో గొంతు లేచింది. లేచి, కనుమ ఎక్కి, అవతలికి దిగడం మొదలుపెట్టింది. వెనకనుంచి ఎవరో "ఒల్సూ!" అన్నారు. ఇంకెవరో "సెబాషు!" అన్నారు.

జోంగ్మాన్ చెయ్యి ఆమె మణికట్టు వదిలేసింది. ఆయన ఆమె చెవి దగ్గరికి వంగాడు.

"గుడారాల వెనక నాకు వినబడింది," అన్నాడు. "ఆడగొంతే. ఆ రోజే అనుకున్నా, ఎక్కడో విన్న గొంతే అని."

వెనక వరసలోంచి పేంగ్ మెడ సాచాడు. "అన్నా, మరి నీ కేక ఏదన్నా? తీసేశారా?"

జోంగ్మాన్ వెనక్కి తిరక్కుండానే గడ్డంతో పెళ్ళాన్ని చూపించాడు. "వినలా? ఇప్పుడేగదరా వేసింది."

"అంటే..." అన్నాడు పేంగ్.

"పాట ఇంకా అవలేదు," అంది ఓక్‌బున్, తెరమీంచి కళ్ళు తిప్పకుండా. "నోరు మూసుకుని వినండి ఇద్దరూ."